ఏటికి ఎదురెళ్లిన ఐదు కిలోల మోటారు

యానాంలో గౌతమి ఒడ్డునో, పులికాట్ సరస్సు పక్కనో, చిలికా దగ్గరి పల్లెల్లోనో పెరిగిన పిల్లలకు పడవ వెనుక తగిలించే మోటారు గురించి కొత్తగా చెప్పనక్కర్లేదు. పడవ వెనుక చెక్కకు బిగిస్తారు. పని అయ్యాక విప్పి భుజాన వేసుకుని ఇంటికి తెచ్చుకుంటారు. వాటిలో ఎక్కువ భాగం ఇంధనంతో నడిచేవే. ఇప్పుడు ఒక్కరే కూర్చుని గాలం వేసుకునే కయాక్ లాంటి సన్నటి పడవలకు బ్యాటరీ మోటార్లు కూడా వస్తున్నాయి. పొగ ఉండదు, పెద్ద చప్పుడు ఉండదు, చేప బెదరదు. ఇదంతా ఈ కాలపు సంగతి అనుకుంటాం. నిజానికి మోటారును కావలసినప్పుడు పడవకు తగిలించి, అక్కర్లేనప్పుడు తీసేసే పద్ధతి పుట్టిన రోజున దాన్ని తిప్పింది కరెంటే. పెట్రోలు తర్వాత వచ్చింది.

ఆ రోజు 1881 మే 26. ఊరు పారిస్, నది సేన్. పడవ పొడవు సుమారు ఐదు మీటర్లు, పేరు ‘టెలిఫోన్’. బెల్ టెలిఫోన్‌కు పేటెంటు తీసుకుని అప్పటికి ఐదేళ్లే అయింది. జనం నోట కొత్తగా నానుతున్న మాటను పడవకు పెట్టుకున్నారన్నమాట. ఆ పడవను నడిపించిన మోటారు బరువు ఐదు కిలోలు. దాన్ని చేసిన మనిషి గుస్తావ్ త్రూవే.

ఫ్రెంచిలో త్రూవే అంటే ‘దొరికింది’ అని అర్థం. కొత్త వస్తువులు కనిపెట్టడమే వృత్తిగా బతికిన మనిషికి అంతకన్నా నప్పే ఇంటిపేరు ఉండదు. 1839 జనవరి 2న లా ఏ-డెకార్ట్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. ఆ ఊరి పేరులోని డెకార్ట్ మన తొమ్మిదో తరగతి పిల్లలకు నిరూపక జ్యామితి పాఠంలో కనిపించే రెనే డెకార్టే. ఆయన పుట్టింది కూడా అక్కడే. త్రూవే తండ్రి పశువుల వ్యాపారి. పిల్లవాడికి మాత్రం సంతల మీద కన్నా పనిముట్ల మీదే ధ్యాస. షినాన్ పట్టణంలో చదువుకుంటూ తాళాలు, ఇనుప పని నేర్చుకున్నారు. ఆ తర్వాత ఆంజేలోని వృత్తివిద్యా పాఠశాలలో చేరారు. ఆరోగ్యం సహకరించక చదువు మధ్యలోనే ఆగిపోయింది. డిగ్రీ లేదు, పట్టా లేదు. 1859లో, ఇరవై ఏళ్ల వయసులో పారిస్ వెళ్లి గడియారాలు చేసేవారి దగ్గర పనికి కుదిరారు.

గడియారం పని ఆయన చేతిని చిన్న వస్తువులకు అలవాటు చేసింది. అప్పట్లో విద్యుత్తు అంటే బల్ల నిండా గాజు జాడీలు, వాటిలో ఆమ్లం. ప్రయోగశాల దాటి బయటికి వచ్చే వస్తువు కాదు. త్రూవే దాన్ని జేబులోకి తేవాలనుకున్నారు. జింకు, కార్బన్‌లతో మూత గట్టిగా బిగిసే బుల్లి బ్యాటరీ చేశారు. దాన్ని కోటు జేబులో దాచుకుని, మెడ దగ్గర టైకి పెట్టుకునే పిన్నుకు సన్నని తీగ కలిపితే, ఆ పిన్ను మీది బొమ్మ కదిలేది. పుర్రె బొమ్మ కళ్లు తిప్పేది, దవడ ఆడించేది. కుందేలు బొమ్మ డోలు కొట్టేది. 1860లలో పారిస్ షోకిలాలు ఎగబడి కొన్న సరుకు ఇది. అలాంటి పుర్రె పిన్ను ఒకటి లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఇప్పటికీ ఉంది.

ఆట వస్తువులే కదా అని తీసిపారేయడానికి లేదు. అదే చేతితో వైద్యులకు పనికొచ్చే పరికరాలూ చేశారు. యుద్ధంలో దెబ్బతిన్న సైనికుడి ఒంట్లో తూటా ఎక్కడుందో ఎక్స్‌రే రాకముందు తెలుసుకోవడం చాలా కష్టం. త్రూవే చేసిన సాధనంలో రెండు సన్నని మొనలు ఉండేవి. గాయంలోకి దింపినప్పుడు అవి లోహాన్ని తాకితే వలయం పూర్తయి కరెంటు ప్రవహించేది, సాధనం అదిరి ఆనవాలు ఇచ్చేది. ఎముకను తాకితే ఉలుకూ పలుకూ ఉండదు. లోహాన్ని పసిగట్టే యంత్రాల వంశావళిలో దీన్ని మొదటి తరంలో లెక్కిస్తారు. ఏడో తరగతిలో మనం చెప్పే తెరిచిన వలయం, మూసిన వలయం పాఠానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. నోరు, ముక్కు, గొంతు లోపల వెలుగు చూపే గొట్టం, సైన్యానికి వీపున మోసుకెళ్లే టెలిగ్రాఫు కూడా ఆ 1870లలోనే చేశారు.

ఇక మోటారు సంగతి. కరెంటుతో పడవ నడపడం త్రూవే కన్నా నలభై ఏళ్ల ముందే జరిగింది. 1838లో రష్యాలో మోరిట్స్ యాకోబి అనే ఇంజనీరు, జారు చక్రవర్తి ప్రభుత్వం ఇచ్చిన డబ్బుతో, నేవా నది మీద ఎనిమిది మీటర్ల పడవను విద్యుత్తుతో నడిపారు. డజను మంది ఎక్కారు. వేగం మాత్రం గంటకు రెండున్నర కిలోమీటర్లు. ఒడ్డున నడిచేవాడు దాన్ని తేలిగ్గా దాటిపోతాడు. బ్యాటరీలో 320 జతల పలకలు, దాని బరువు 200 కిలోల దాకా. మరుసటి ఏడాది జింకు-ప్లాటినం ఘటాలు పెడితే వేగం నాలుగు కిలోమీటర్లకు పెరిగింది. ప్లాటినం ధర ఎంతో చెప్పనక్కర్లేదు. అంతటితో ఆ ప్రయత్నం మూలన పడింది. యాకోబి లెక్కలోనో పనితనంలోనో లోపం వల్ల కాదు. ఆయన పడవ అంటేనే బ్యాటరీ అన్నట్టు అయింది. యంత్రం కోసం పడవను కట్టవలసి వచ్చింది.

త్రూవే అటునుంచి నరుక్కొచ్చారు. పడవ అందరి దగ్గరా ఉంది. దానికి తగ్గ మోటారు కావాలి. జర్మనీలో సీమెన్స్ చేసిన చుట్టను మెరుగుపరిచి, తేలికగా, చిన్నగా ఉండే మోటారుకు 1880 మే 8న పేటెంటు తీసుకున్నారు. 1881 ఏప్రిల్‌లో దాన్ని మూడు చక్రాల సైకిలుకు బిగించి పారిస్ వీధిలో నడిపారు. విద్యుత్తుతో మనిషిని మోసిన తొలి బండ్ల చరిత్రలో దాని పేరు తప్పకుండా వస్తుంది. బండికి మాత్రం పేటెంటు రాలేదు. వెంటనే మోటారును నీటివైపు తిప్పారు.

ఆయన పని గది రివోలీ వీధికి కాస్త ఉత్తరంగా, వివియెన్ వీధిలో ఉండేది. నది అక్కడికి నడిచిపోయేంత దూరం. పరీక్షకు వెళ్లిన ప్రతిసారీ యంత్రాన్ని మోసుకెళ్లాలి, మళ్లీ మోసుకురావాలి. పడవను గదికి తేలేరు, గదిని ఒడ్డుకు తీసుకుపోలేరు. అందుకే విప్పి తీసుకుపోయేలా చేశారు. ఇంత మామూలు ఇబ్బంది నుంచే పడవ వెనుక తగిలించే మోటారు పుట్టింది.

ఆ అమరిక ఇలా ఉండేది. పడవకు వెనుక చుక్కాని ఉంటుంది కదా. దాని పైకొనన మోటారు కూర్చోబెట్టారు. చుక్కాని పలకలో కింద నీటిలో మునిగే చోట ఖాళీ కోసి, అందులో ప్రొపెల్లర్ పెట్టారు. పైనుంచి కిందికి గొలుసు. సైకిలు గొలుసు పెడలు నుంచి వెనుక చక్రానికి ఎలా వెళ్తుందో అలాగే, మోటారు తిరిగితే గొలుసు ప్రొపెల్లర్‌ను తిప్పుతుంది. బ్యాటరీలు పడవ మధ్యలో. అక్కడి నుంచి చుక్కానికి వెళ్లే రెండు తాళ్లలోనే కరెంటు తీగలు దాచారు. తాడు లాగితే చుక్కాని తిరుగుతుంది, అదే తాడు మోటారుకు కరెంటు అందిస్తుంది. అంటే ఇంజను, చుక్కాని, ప్రొపెల్లర్ మూడూ ఒకటే వస్తువు. విప్పేస్తే పడవ మళ్లీ మామూలు పడవే.

ఇందులో ఇంకో సుగుణం ఉంది. మామూలు పడవలో ప్రొపెల్లర్ ఎప్పుడూ ముందుకే నెడుతుంది, చుక్కాని నీటి వరవడిని పక్కకు మళ్లించి పడవను తిప్పుతుంది. పడవ కదలకపోతే చుక్కాని పనిచేయదు. త్రూవే అమరికలో చుక్కానితో పాటు ప్రొపెల్లరే తిరుగుతుంది. ఎటు తిప్పితే అటు నెడుతుంది. ఇరుకు చోట కూడా పడవ గిర్రున మళ్లుతుంది. మన ఊళ్లలో మోటారు పిడి పట్టుకుని పడవ తిప్పేవారి చేతి కింద ఉన్నది ఈ సూత్రమే. ఆ మోటారు పెట్రోలుదైనా, బ్యాటరీదైనా అంతే.

సేన్ మీద మొదటి ప్రయాణంలో ఏటివాలుకు సెకనుకు రెండున్నర మీటర్ల వేగం వచ్చిందని త్రూవే పారిస్ సైన్స్ అకాడమీకి తెలిపారు. అంటే గంటకు తొమ్మిది కిలోమీటర్లు. ఏటికి ఎదురు వెళ్లేటప్పుడు సహజంగానే తగ్గింది. పదో తరగతి రేఖీయ సమీకరణాల్లో పడవ, ప్రవాహం లెక్కలు చేసిన పిల్లలకు దీని మర్మం తెలుసు. వాలు వేగం, ఎదురు వేగం కలిపి సగం చేస్తే పడవ సొంత వేగం, తీసివేసి సగం చేస్తే ఏటి వేగం. నదిలో ఏది మోటారు బలమో, ఏది నీటి బలమో విడదీసి చూపడం కష్టం. అందుకే కాబోలు, మరుసటి నెలలో ఆయన బూలోన్ వనంలోని సరస్సుకు వెళ్లారు. అక్కడ నీరు కదలదు. వచ్చిన వేగమంతా మోటారుదే.

ఆ పరీక్ష అంకెలు పిల్లలతో చేయించదగ్గవి. నాలుగు రెక్కల ప్రొపెల్లర్, పన్నెండు బున్సెన్ ఘటాలు. మన ల్యాబుల్లోని బర్నర్ పేరు కూడా ఆ బున్సెన్‌దే. ప్లాటినం బదులు చవకైన కార్బన్ వాడి ఘటం చేసింది ఆయనే. మొదట 150 మీటర్లు దాటడానికి 48 సెకన్లు పట్టింది. మూడు గంటల తర్వాత అదే దూరానికి 55 సెకన్లు. ఐదు గంటల తర్వాత 65 సెకన్లు. ఇవన్నీ త్రూవే స్వయంగా ఇచ్చిన అంకెలే అయినా, ఆయన తన బ్యాటరీ అలసటను దాచుకోలేదని గమనించాలి. మొదటి పరుగు ఒక్కటే చెప్పి ఊరుకుంటే ఇంకా ఘనంగా ఉండేది.

లెక్క వేస్తే మొదటి వేగం సెకనుకు సుమారు 3.1 మీటర్లు, చివరిది 2.3 మీటర్లు. నాలుగింట మూడు వంతులు మిగిలింది. కానీ బ్యాటరీ శక్తి కూడా నాలుగింట మూడు వంతులు మిగిలిందనుకుంటే పొరపాటు. నీటిలో వేగం పెంచాలంటే కావలసిన శక్తి సుమారుగా వేగం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. రెట్టింపు వేగానికి ఎనిమిది రెట్ల శక్తి. ఆ లెక్కన ఐదు గంటల తర్వాత మోటారు ఇస్తున్న శక్తి మొదటిదానిలో నలభై శాతం చుట్టుపక్కల. అయినా పడవ అంత వేగంగా పోతోంది. కయాక్‌కు బ్యాటరీ మోటారు బిగించుకునేవారు తెలుసుకోవలసిన మొదటి పాఠం ఇదే. నిదానంగా పోతే అదే బ్యాటరీ ఎన్నో రెట్లు ఎక్కువసేపు వస్తుంది. తొందరపడితే సగం దారిలో తెడ్డు పట్టాలి.

త్రూవే దగ్గర ఇప్పటిలా ప్లగ్గు పెట్టి చార్జి చేసే వసతి లేదు. ఆయన తరచుగా వాడింది జింకు, కార్బన్ పలకలను పొటాషియం డైక్రోమేట్, సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపిన నారింజరంగు ద్రవంలో ముంచే బ్యాటరీ. పలకలు ద్రవంలో ఉన్నంతసేపూ, పని లేకపోయినా, జింకు కరిగిపోతూనే ఉంటుంది. అందుకని పలకలన్నిటినీ బావి గిలక మీద చేదను లాగినట్టు ఒక్కసారిగా పైకెత్తే చిన్న చక్రం పెట్టారు. ఎత్తితే మోటారు ఆగుతుంది, జింకు మిగులుతుంది. దించితే మళ్లీ నడుస్తుంది. ఆ ద్రవం విషం. అది ఒలికితే చేపకూ మంచిది కాదు, మనిషికీ కాదు. పైగా కరిగిన జింకు బొగ్గు కన్నా చాలా ఖరీదు. ఇవి రెండూ ఆ కాలపు బ్యాటరీ పడవలన్నిటికీ ఉన్న ఇబ్బందులే.

1881 ఆగస్టులో పారిస్‌లో అంతర్జాతీయ విద్యుత్ ప్రదర్శన మొదలైంది. త్రూవే మోటార్లు అక్కడ జనం కళ్లలో పడ్డాయి. గాస్తోన్ టిసాండియే చేసిన చిన్న ఎయిర్‌షిప్ నమూనాను తిప్పింది కూడా త్రూవే మోటారే. మరుసటి ఏడాది ఫ్రాన్స్ ప్రభుత్వం ఆయనకు లెజియన్ ఆఫ్ ఆనర్ ఇచ్చింది. 1883లో రూవాన్ పట్టణానికి చెందిన డాక్టర్ పాల్ ఎలోతో కలిసి, నుదుటికి కట్టుకునే విద్యుత్ దీపం చేశారు. ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ఆయన నుదుటి మీద వెలిగేది దాని వారసురాలే. చేతులు రెండూ ఖాళీగా ఉండాలి, చూపు ఎటు తిరిగితే వెలుగు అటు పడాలి. చుక్కానితో పాటు ప్రొపెల్లర్ తిరగడంలాంటి ఆలోచనే ఇది కూడా. నాటకశాలల్లో నర్తకుల తలల మీద వెలిగే నగలు, రంగులు మారే ఫౌంటెన్లు, రెక్కలాడించి ఎగిరే పక్షి నమూనా... చేసిన వస్తువుల జాబితా ఇంకా ఉంది. ఇంత రాసినా సగం కూడా చెప్పినట్టు కాదు. 1891లో జార్జ్ బరాల్ అనే రచయిత ఆయన బతికుండగానే ఆయన మీద పెద్ద పుస్తకం రాశారంటే పేరు ఏ స్థాయిలో ఉందో ఊహించవచ్చు.

అంత పేరున్న మనిషి పెద్ద కంపెనీ పెట్టలేదు. పెళ్లి చేసుకోలేదు. ఒక వస్తువు పనిచేసిందని తేలగానే మనసు తర్వాతి దాని మీదికి పోయేది. దాన్ని వేల సంఖ్యలో చేసి అమ్మడం, ఏజెంట్లను పెట్టడం, కోర్టుల్లో హక్కుల కోసం కొట్లాడటం ఆయన వల్ల కాలేదో, ఇష్టం లేకపోయిందో. నా మటుకు నాకు ఇష్టం లేదనే అనిపిస్తుంది. ఎడిసన్ పేరు ఈ రోజు ఏ బడిలో అడిగినా చెబుతారు. ఆయన ప్రతిభ ఎంత కారణమో, ఆయన కట్టిన సంస్థలూ అంతే కారణం. సంస్థ అన్నది పనివాడు పోయాక కూడా పేరు మోస్తుంది. త్రూవేకు అది లేదు.

1902లో ఆయన చివరి పని మీద ఉన్నారు. అతినీలలోహిత కాంతితో చర్మరోగాలకు చికిత్స చేసే చిన్న పరికరం అది. పనిలో బొటనవేలు, చూపుడువేలు తెగాయి. జీవితమంతా పనిముట్లతో గడిపిన మనిషికి అలాంటివి లెక్కలోకి రావు. పట్టించుకోలేదు. గాయం విషమించింది. పారిస్ సెయింట్ లూయీ ఆసుపత్రిలో తెగిన భాగాలు తీసేసినా విషం ఒంట్లోకి పాకింది. అప్పటికి యాంటీబయాటిక్స్ లేవు. జూలై 27న, 63 ఏళ్ల వయసులో చనిపోయారు. తూటాను వెతికే సాధనంతో, నుదుటి దీపంతో ఎందరి వైద్యానికో పనికొచ్చిన మనిషి పోయింది వేలికి తగిలిన దెబ్బతో.

తర్వాతి కథ త్వరగానే సాగింది. 1909 నాటికి అమెరికాలో నార్వే నుంచి వలస వచ్చిన ఓలే ఎవిన్‌రూడ్ పెట్రోలుతో నడిచే తగిలింపు మోటారును వ్యాపారంగా నిలబెట్టారు. పడవ మోటారు అంటే ఆయన పేరే చెప్పుకునేంతగా అది పాకింది. పెట్రోలులో ఉన్న శక్తితో జింకు పలకలు పోటీ పడలేవు. కరెంటు మళ్లీ చిన్న పడవ దగ్గరికి వచ్చింది జాలరుల పుణ్యమా అనే. 1934లో అమెరికాలోని ఫార్గోలో ఓ.జి. ష్మిత్ అనే ఆయన పాత ఫోర్డ్ కారు స్టార్టర్ మోటారు తీసి, దానికి కడ్డీ, ప్రొపెల్లర్ కలిపి, చప్పుడు లేకుండా చేపల మీదికి వెళ్లే మోటారు చేశారు. కయాక్‌లకు బిగించే నేటి బ్యాటరీ మోటార్లకు అదే తాత. త్రూవే గురించి ష్మిత్‌కు తెలిసి ఉండాల్సిన అవసరం లేదు. ఇబ్బంది ఒకటే కాబట్టి దారీ ఒకటే అయింది.

త్రూవేను సొంత ఊళ్లోనే సమాధి చేశారు. ఫ్రాన్స్‌లో సమాధి స్థలానికి గడువు ఉంటుంది, గడువు తీరితే ఎవరో ఒకరు పొడిగించుకోవాలి. పిల్లలు లేరు. ఎవరూ పొడిగించలేదు. ఎముకలు తీసి అందరితో కలిపి ఉమ్మడి గోతిలో వేశారు. మిగిలిన కాగితాలు ఊరి మునిసిపల్ కార్యాలయంలో భద్రంగా ఉన్నాయనుకుంటే, 1980 ఫిబ్రవరిలో అక్కడ అనుకోకుండా మంటలు లేచి అవీ కాలిపోయాయి. విద్యుత్ పడవల చరిత్ర వెతుకుతూ వచ్చిన కెవిన్ డెస్మండ్ అనే రచయిత, పాత పత్రికలు, అకాడమీ నివేదికలు, మ్యూజియంలలో మిగిలిన వస్తువులు పోగుచేసి ఆయన జీవితచరిత్రను మళ్లీ రాశారు. ఆ తర్వాతే ఆయన పుట్టిన ఊళ్లో పేరు చెక్కిన ఫలకం ఒకటి పెట్టారు.